ఫిత్రత్ ఏది? రివాజు ఏది?
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగులో సభ ముందు నిలబడటం మాకు అలవాటు తక్కువ. మాటల్లో తప్పులుంటే మన్నించ ప్రార్థన.

స్త్రీ పురుషుల భేదాల గురించి శాస్త్రం ఏమంటున్నదో నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు ఆజ్ఞాపించారు. శాస్త్రం దాకా పోయే ముందు మా బడిలో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాము.

రెండేళ్ళ కిందట పదో తరగతి పాసైన ఒక అమ్మాయి టి.సి. కోసం ఆమె తండ్రి వచ్చాడు. ఆ పిల్లకు లెక్కల్లో తరగతి మొత్తం మీద ఎక్కువ మార్కులు. "ఇంటర్‌లో ఎం.పి.సి. ఇప్పించండి భాయ్" అన్నాము. ఆయన నవ్వి, "ఆడపిల్లకు లెక్కలెందుకు మాస్టర్ సాబ్? అది వాళ్ళ ఫిత్రత్‌లోనే లేదు" అన్నాడు. మేము మారుమాట్లాడక కాగితం చేతికిచ్చి పంపాము.

ఆ పిల్ల తల్లి బీడీలు చుడుతుంది. వారంలో ఎన్ని వేలు చుట్టింది, ఆకు ఎంత పట్టింది, ఏరి పక్కన పడేసినవి పోగా కూలి ఎంత రావాలి, అంతా నోటిలెక్కే. మున్షీ ఒక్క రూపాయి తగ్గించి రాసినా పట్టుకుంటుంది. ఫిత్రత్‌లో లేని లెక్క ఆ తల్లికి ఎక్కడినుంచి వచ్చిందండీ?

ఫిత్రత్ అంటే పుట్టుకతో వచ్చినది. రివాజు అంటే నలుగురూ కలిసి నడుపుకుంటూ వచ్చినది. ఒకదాని తప్పు ఇంకొకదాని మీద వేయటం వల్లనే చిక్కంతా వస్తున్నది.

పుట్టుకతో భేదాలు లేవని మేము అనము. బిడ్డను మోసేది, పాలిచ్చేది తల్లి. ఈడు వచ్చేసరికి మగపిల్లవాడి గొంతు మారుతుంది, కండ పెరుగుతుంది. అది హార్మోన్ల పని. రంగులు సరిగా పోల్చలేని లోపం మగవారిలోనే ఎక్కువ. వారికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే గనుక, అందులో లోపముంటే ఆదుకునే రెండోది లేదు. కొట్లాటలు, హత్యలు చేసేవారిలో ఏ దేశంలో చూసినా మగవారే ఎక్కువ. ఇందులో శరీరం పాలు కొంత ఉండవచ్చు. కాని హత్యల సంఖ్య దేశానికీ దేశానికీ ఎన్నో రెట్లు తేడాగా ఉన్నది. మగవాడు అన్నిచోట్లా మగవాడే కదా! ఆ తేడా రివాజుదే, పాలనదే.

ఇంకొక సంగతి. ప్రకృతి సిద్ధంగా 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుడతారు. కాని పసితనంలో జబ్బులకు తట్టుకునే శక్తి ఆడశిశువుకే ఎక్కువ. అదీ ఫిత్రత్. మరి మన దేశంలో ఏమైంది? ఆరేళ్ళలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927 మంది, 2011లో 919 మంది. కడుపులో ఆడపిల్ల అని తెలుసుకోవటాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చిన తర్వాత కూడా ఇది జరిగింది. ఇరవై ఏళ్ళలో మానవ శరీరం మారదు. స్కానింగు యంత్రం వచ్చింది, కట్నం లెక్క పెరిగింది. బతికే బలం అల్లా ఇచ్చాడు. బతికే అవకాశం మనం తీసేశాము.

తెలివి మాటకొద్దాము. ఈశాన్య భారతంలో ఖాసీలు, కర్బీలు అని ఇరుగుపొరుగు జాతులున్నాయి. ఖాసీలలో తల్లి వైపు నుంచి వంశం. పూర్వీకుల ఇల్లు చిన్న కూతురికి దక్కుతుంది. కర్బీలలో ఆస్తి కొడుకులది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ రెండు జాతుల పల్లెల్లో సుమారు 1,300 మందికి నాలుగు ముక్కల బొమ్మ ఇచ్చి జత చేయమన్నారు. కర్బీలలో మగవారు ఆడవారికన్నా చాలా త్వరగా పూర్తిచేశారు. ఖాసీలలో తేడా కనపడలేదు. చదువు తేడా కూడా ఇందుకు ఒక కారణమని తేలింది. ఒక్క పరీక్షతో అంతా తేలిపోదు, నిజమే. అయినా "ఆడవాళ్ళ బుర్ర ఇంతే" అనే ముందు కాస్త ఆగాలి కదా!

టెహరానులో 1977లో పుట్టి, అక్కడే ఆడపిల్లల బడిలో చదివిన మరియం మీర్జాఖానీ 2014లో గణితంలో ఫీల్డ్స్ పతకం అందుకున్నది. 1936 నుంచి ఇస్తున్న ఆ పతకం ఒక స్త్రీకి దక్కటం అదే మొదలు. 2017లో ఆమె మరణించింది. ఆమెకు ఎవరో ఒక మాస్టర్ సాబ్ బోర్డు దగ్గరకు రమ్మని సుద్దముక్క ఇచ్చే ఉంటాడు.

ఆ మాట తలచుకుంటే మాకు సిగ్గు వేస్తుంది. మేము తరగతిలో ఏం చేస్తున్నామో ఒక వారం గమనించుకున్నాము. కష్టమైన లెక్కకు పిలిచేది మగపిల్లలనే. నీళ్ళు పట్టుకు రమ్మనేది, గది ఊడవమనేది ఆడపిల్లలనే. ఆ తండ్రిని తప్పుపట్టే హక్కు మాకెక్కడిది? ఆయన ఇంట్లో నడుపుతున్న రివాజునే మేము బడిలో నడుపుతున్నాము.

ఇప్పుడు వంతులు పెట్టాము. బోర్డు దగ్గరకూ వంతే, చీపురుకూ వంతే. పెద్ద సంస్కరణ ఏమీ కాదు. ఆ అమ్మాయి మాత్రం ఇంటి దగ్గరే ఉన్నది, తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నది.

సోదరులారా, మా మనవి ఒక్కటే. "ఇది ఫిత్రత్" అనే మాట నోటికి వచ్చినప్పుడు, ఇది మన తాతల కాలంలోనూ ఇలాగే ఉన్నదా, పక్క ఊళ్ళోనూ ఇలాగే ఉన్నదా అని అడిగి చూడండి. కాలంతో, ఊరితో మారేదైతే అది మన చేతిలో ఉన్నట్టే. ఈ సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పులలో ఈ ఏడు ఒకటి, చదువు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టే ఆడపిల్లకు కేటాయించాలని కోరుతున్నాము. మొదటి దరఖాస్తు మేమే స్వయంగా ఒక బీడీలు చుట్టే ఇంటికి పట్టుకెళ్తాము. ఈసారి మారుమాట్లాడకుండా తిరిగి రాము.

ఖుదా హాఫిజ్.