పర్సంటైల్ అంటే మార్కు కాదండి

సత్యవేడు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఇంటర్ పిల్లకాయల గురించి. చెప్పేది మాత్రం వాళ్ల అమ్మానాన్నలకు.

మన ఊరినుంచి ఊత్తుకోట పోతే తమిళనాడు. అక్కడ ఇంజనీరింగ్ సీటుకు 2007 నుంచి ఎంట్రన్స్ లేదు. ప్లస్‌టూలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులే చూస్తారు. ఇవతల మనకు ఈఏపీసెట్: మూడు గంటలు, 160 ప్రశ్నలు. ర్యాంకులో దానికి 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25. ఆ 25 కూడా కరోనా టైంలో తీసేశారు, 2023లో మళ్లీ పెట్టారు. నిదానంగా, లోతుగా చదివే బిడ్డ అటుపక్క పుట్టుంటే మంచి కాలేజీ. ఇటుపక్క, గంటకు యాభై ప్రశ్నలు చేయలేదని ఇంట్లో తిట్లు!

ఇక జేఈఈ. మన పక్కనే శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది కదా, 2013లో వచ్చింది. దాంట్లో సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే. "95 వచ్చిందట, ఐదు మార్కులే పోయినాయి, ఇంకా సీటెందుకు రాదు?" అంటారు పెద్దోళ్లు. అది మార్కు కాదండి, పర్సంటైల్. పది లక్షల మంది రాస్తే 95 తెచ్చుకున్నోడి ముందు ఇంకా యాభైవేల మంది ఉంటారు. అట్లనే 95 అంటే తొంభై ఐదు మందిలో తొంభై మందిని దాటినట్టు కూడా కాదు, నూటికి తొంభై ఐదు మందితో సమానంగానో, పైనో ఉన్నాడని. ఆ బిడ్డను పట్టుకుని "బాగా చదవలేదు" అంటే ఎట్లా?

ఇంకోటి, కోచింగ్‌లో పడి ఇంటర్‌ను వదిలేస్తారు. ట్రిపుల్ ఐటీకి, ఎన్ఐటీకి ఇంటర్‌లో 75 శాతం ఉండాల, ఎస్సీ ఎస్టీలకు 65. లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాల. ర్యాంకొచ్చి కూడా ఇక్కడ ఆగిపోతే కష్టం.

రిజల్ట్ రోజు ఫీజు లెక్క ఎత్తొద్దు. ఎంత కట్టినారో వాళ్లకు తెలుసు, హాస్టల్‌లో రోజూ అదే తలుచుకుంటా ఉంటారు. తప్పితే సప్లిమెంటరీ ఉంది, మార్కులు తక్కువైతే ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు. బిడ్డ తినకుండా, మాట్లాడకుండా ఉంటే ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబర్ 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా చేయొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో వెబ్ ఆప్షన్లు ఎట్లా పెట్టుకోవాలో చూద్దాం. ఉంటానండి.