పేరుకు తమ్ముడు, వివరానికి మామూలు అక్షరం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మైకు ముందు మాట్లాడడం అలవాటు లేదు, తప్పులుంటే మన్నించండి. పొడులు చేసే మా సంఘం అనుభవం చెప్పమన్నారు. పప్పు వేయించడం, దంచడం మీకు తెలిసిందే. నేను ప్యాకెట్ మీద అక్షరాల గురించి చెబుతాను. ఇదేం ముచ్చట అనుకోకండి. ఆ అక్షరాలే మాకు అమ్మకం తెచ్చాయి, ఆ అక్షరాలే మమ్మల్ని తలదించుకునేలా కూడా చేశాయి.

బ్యాంక్ లింకేజీ అప్పుతో కందిపొడి, కరివేపాకు పొడి, పల్లీ పొడి మొదలుపెట్టాం. మొదటి లేబుల్ పెళ్లిపత్రిక మీద ఉండే సన్నటి మెలికల అక్షరాలతో వేయించాం. చేతిలో పట్టుకుంటే అందంగానే ఉండేది. మేళాలో స్టాల్ పెడితే నాలుగడుగుల దూరానికి ఏమీ కనపడలేదు. "ఇదేం పొడమ్మా?" అని అడిగేవాళ్లు, మేం చెప్పేలోపు పక్క స్టాల్‌కి వెళ్లిపోయేవాళ్లు. అప్పు కిస్తీ మాత్రం ఆగదు కదా!

మా బుక్‌కీపర్ అమ్మాయి ఒక మాట చెప్పింది. "అక్కా, పేపర్లో హెడ్డింగు అక్షరాలు వేరు, లోపల వార్త అక్షరాలు వేరు. మన పేరుకి హెడ్డింగు అక్షరాలు కావాలి" అంది. ఫోన్లో 'బాలూ తమ్ముడు' అనే అక్షరాలు చూపించింది. ముంబైలోని ఏక్ టైప్ అనే సంస్థ వాళ్లు తయారుచేశారట. బాలూ అంటే జంగిల్ బుక్ కథలో ఎలుగుబంటి. అక్షరాలు కూడా అలాగే బొద్దుగా, గుండ్రంగా, నవ్వుతున్నట్టు ఉంటాయి. ఒక్కో భాషకి ఒక్కో వరస పెట్టారు. తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, గుజరాతీకి భాయ్, మన తెలుగుకి తమ్ముడు. ఇంతమంది అక్కచెల్లెళ్లకు ఒక తమ్ముడు దొరికాడని మేమంతా నవ్వుకున్నాం.

పైసా ఖర్చు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ఆ ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు, అంతే. 'కందిపొడి' అని పెద్దగా వేయిస్తే దూరం నుంచే పిలిచినట్టు కనపడింది. పిల్లలు కూడా వేలుపెట్టి చదివారు. అమ్మకం పెరిగింది.

ఇక్కడే మేం పొరపాటు చేశాం. అక్షరాలు బాగున్నాయి కదా అని వెనకవైపు వివరాలు కూడా అవే బొద్దు అక్షరాలతో, చిన్న సైజులో వేయించేశాం. మేం కందిపొడిలో కొంచెం పల్లీలు కలుపుతాం. ఆ మాట లేబుల్ మీద వేశాం. కానీ ఒక తల్లికి అది కనపడలేదు. వాళ్ల బాబుకి పల్లీలు పడవు. అన్నంలో కలిపి పెడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఆసుపత్రికి పరిగెత్తారు. దేవుడి దయవల్ల బాబు క్షేమం. ఆవిడ ఖాళీ ప్యాకెట్ తెచ్చి మా ముందు పెట్టి, "ఎక్కడ రాశారో చూపించండి" అంది.

సమావేశంలో ఒకరు, "వేశాం కదా, చదువుకోకపోతే మన తప్పా?" అన్నారు. ముందు నేనూ అలాగే అనుకున్నాను. ప్యాకెట్ చేతుల్లో తిప్పాం. మాలో బాగా చదివే అమ్మాయి కూడా ఆ ముక్క చదవలేకపోయింది. అప్పుడెవరూ మాట్లాడలేదు. మిగిలిన లేబుళ్లన్నీ పీకేసి కొత్తవి అంటించాం. ఆ డబ్బు పోయింది. ఆవిడ మళ్లీ మా దగ్గర కొనలేదు. ఆమెను తప్పుపట్టలేం.

తర్వాత కారణం తెలిసింది. మన తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, మధ్యలో చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి. లావు అక్షరాన్ని చిన్నగా వేస్తే ఆ ఖాళీలన్నీ సిరాతో పూడిపోతాయి. 'ద'కి 'ధ'కి తేడా ఒక చిన్న గీత, అది కనపడదు. 'పల్లీలు'లో కింది ఒత్తు మచ్చలా మారిపోతుంది. లావు అక్షరం తప్పు కాదు, దాన్ని పెట్టిన చోటు తప్పు.

అక్కలారా, లేబుల్ వేయించేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి.

పొడి పేరు, మీ సంఘం పేరు మాత్రమే లావు అక్షరాల్లో పెద్దగా వేయించండి. తమ్ముడు నచ్చకపోతే సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, రవి ప్రకాష్ కూడా హెడ్డింగులకు బాగుంటాయి.

కలిపిన సరుకులు, బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, చిరునామా, 14 అంకెల ఆహార భద్రత నంబరు మామూలు అక్షరాల్లో, తెల్ల కాగితం మీద నల్లగా ఉండాలి. 2020 నిబంధనల ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు దాంతోపాటు వేసుకోవచ్చు, వేయండి. పల్లీలు, పాలు, గోధుమ, సోయా లాంటివి కలిస్తే విడిగా, స్పష్టంగా చెప్పాలి.

డీటీపీ షాపులో పాత అను ఫాంట్లలో కొట్టిన దాన్ని తమ్ముడులోకి మారిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. ఒత్తులు విడిపోయాయేమో ఒక్కో మాట చూసుకోండి.

చివరి మాట. వెయ్యి లేబుళ్లు కొట్టించే ముందు ఒక్కటి కొట్టించి, మీ సంఘంలో చూపు తగ్గిన పెద్దమ్మ చేతికివ్వండి. ఆమె చదివితేనే సంతకం పెట్టండి. మా సంఘంలో ఇప్పుడు అదే తీర్మానం.

దూరాన ఉన్నవాళ్లను మన దగ్గరకు పిలవడం తమ్ముడి పని. దగ్గరకొచ్చాక నిజం చెప్పడం మన పని.