గెలిచాక ఎక్కడ కూర్చుంటారు?
(హోసూరు యువజన కూటమిలో చేసిన ప్రసంగం)



మేము చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాం. 2022 ఫిబ్రవరిలో తమిళనాడు అంతటా పట్టణ స్థానిక ఎన్నికలు జరిగాయి. అప్పట్లో మేము ఇక్కడ కాదు, వేరే పట్టణంలో పరిచర్య చేస్తున్నాం. దాని పేరు ఇప్పుడెందుకు గానీ, పోలింగుకు ముందు ఒక ఆదివారం ఒక అభ్యర్థి మందిరానికి వచ్చారు. ముందు వరుసలో కూర్చోబెట్టాం. శాలువా కప్పాం. రెండు నిమిషాలు మాట్లాడనిచ్చాం. ప్రార్థనా స్థలంలో ప్రచారం కూడదని ఎన్నికల నియమావళి చెబుతుంది. అది తెలిసే చేశాం. అందరినీ కలుపుకొని పోతాననీ, ఊరిని సమతూకంగా పెంచుతాననీ ఆయన చెప్పారు. మేము చప్పట్లు కొట్టి చేతిలో ఒక అర్జీ పెట్టాం. సమాధుల తోటకు ప్రహరీ గోడ కావాలని.

ఆయన కారెక్కి వెళ్లాక, వెనక వరుసలో కూర్చునే ఒక అక్క మా దగ్గరకు వచ్చింది. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పనికి వెళ్లే మనిషి. "అయ్యగారూ, మా వీధి నీళ్ల సంగతి అడగలేదేం?" అంది. మా దగ్గర జవాబు లేదు. చనిపోయినవాళ్లకు గోడ అడిగాం గానీ, బతికున్నవాళ్లకు నీళ్లు అడగాలని తోచలేదు.

అందుకే అభ్యర్థి మాట ఇవ్వడం గురించి మాట్లాడేముందు, మనం ఏం అడుగుతున్నామో చూసుకోవాలి.

మన హోసూరు సంగతికి వద్దాం. 1970లలో సిప్కాట్ వచ్చింది. తర్వాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి. 2001 జనాభా లెక్కల్లో 84 వేల మంది ఉన్న ఊరు 2011కి లక్షా 16 వేలు దాటింది. ఆ తర్వాత మత్తిగిరి, జూజువాడి, మూకండపల్లి, ఆవలపల్లి, చెన్నత్తూరు కూడా కలిశాయి. 2019లో కార్పొరేషన్ అయ్యింది, ఇప్పుడు 45 వార్డులు. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ గారు శాసనసభలో ఇక్కడికి విమానాశ్రయం ప్రకటించారు. 2,000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికుల కోసం అన్నారు.

ఇదంతా వద్దని మేము అనం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో పొయ్యి వెలిగేది కంపెనీ జీతంతోనే. కానీ ఊరు పెరగడం వేరు, ఊళ్లో అందరూ నిలదొక్కుకోవడం వేరు. ఎకరం రేటు పెరిగితే పొలం ఉన్నవాడికి పండగ. అద్దె ఇంట్లో ఉన్నవాడికి మాత్రం ఇంటి ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడోనని గుబులు. ఒడిశా, జార్ఖండ్, బీహారు నుంచి వచ్చి షిఫ్టుల్లో పనిచేసే పిల్లలను చూడండి. ఒక్క గదిలో ఆరేడుగురు పడుకుంటారు. వాళ్లలో చాలామందికి ఓటు సొంతూళ్లో ఉంటుంది. ఓటు లేని గడప ఏ అభ్యర్థి తొక్కుతాడు?

సమతూకం తప్పితే ఏమవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కెలవరపల్లి ఆనకట్ట దగ్గరికి వెళితే కనబడుతుంది. బెంగళూరు మురుగు కలిసిన దక్షిణ పినాకిని నీళ్లు అక్కడ తెల్లటి నురగ కక్కుతాయి. ఆ నీళ్లతోనే మన రైతులు పొలాలు తడుపుకోవాలి. అందరం బెంగళూరును తిడతాం, తిట్టాల్సిందే. అయితే ఆ నది ఇక్కడ ఆగిపోదు. కిందికి కృష్ణగిరి డ్యాముకు పోతుంది. రేపు మన మురుగు ఎటు పోతుందని కృష్ణగిరివాళ్లు అడిగితే మన కౌన్సిలర్లు ఏం చెబుతారు? వాళ్లకు ఓటేసిన మనం ఏం చెబుతాం?

ఇప్పుడు చట్టం మాట. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ ప్రణాళిక, నీళ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల మెరుగుదల స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులని అది చెప్పింది. మన రాష్ట్రంలో 2022లో వార్డు కమిటీలకూ ఏరియా సభలకూ నియమాలు వచ్చాయి. పల్లెలో గ్రామసభ ఎలాగో, పట్టణంలో ఏరియా సభ అలాగ. కౌన్సిలరు జనం ముందు కూర్చోవాలి, జనం అడగాలి. ఆ ఏడాది నవంబరు 1న స్థానిక సంస్థల దినం నాడు ఈ సభలు పెట్టారు. మీలో ఎంతమంది వెళ్లారు? చేతులెత్తండి... సరే, సిగ్గుపడకండి, మేమూ వెళ్లలేదు. ఆ రోజు మంగళవారం, గృహ కూటం ఉందనుకున్నాం. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె అనే నగరంలో 1989 నుంచి జనమే పేటల వారీగా కూర్చుని నగర బడ్జెట్‌లో తమ పేటకు ఏది ముందు కావాలో తేల్చుకున్నారు. మనం ఇంటి పక్కన జరిగే సభకు కూడా పోలేదు.

నెహెమ్యా గ్రంథం మీకు తెలిసినదే. అతడు యెరూషలేముకు రాగానే వాగ్దానాలు చేయలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకుని, కూలిన గోడలను స్వయంగా చూశాడు. తర్వాతే నోరు విప్పాడు. గోడ కట్టేటప్పుడు చాలామంది తమ ఇంటి ఎదుటి భాగం తామే కట్టుకున్నారు. తెకోవ పెద్దమనుషులు మాత్రం పనికి మెడ వంచలేదని గ్రంథం దాచకుండా రాసింది. మాకు అంతకన్నా ముఖ్యం అయిదో అధ్యాయం. గోడ లేస్తుండగానే పేదలు మొర పెట్టారు, పొలాలు తాకట్టులో ఉన్నాయని, పిల్లలు బానిసలవుతున్నారని. గోడ పని అయ్యాక చూద్దామని అతడు అనలేదు. అప్పులిచ్చిన పెద్దలను సభ ముందు నిలదీశాడు. అధికారిగా తనకు రావలసిన భత్యం 12 ఏళ్లు ముట్టుకోలేదు. మన అభ్యర్థుల ఆస్తుల అఫిడవిట్లు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రావడం సహజం.

మన గడ్డ మీద కూడా ఒక ఉదాహరణ ఉంది. ఇక్కడి తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1917లో సేలం మునిసిపాలిటీ ఛైర్మన్ అయ్యారు. అగ్రహారానికి నీళ్లు వదిలే పని ఒక దళితుడికి అప్పగించారు. గొడవ చేసినా వెనక్కి తగ్గలేదు. ఆయన రాజకీయాల్లో మేము ఒప్పుకోనివి చాలా ఉన్నాయి, అది వేరే ప్రసంగం. కానీ పట్టణం కుళాయి ఎవరి చేతిలో ఉండాలనేది న్యాయానికి సంబంధించిన విషయమని ఆయనకు అప్పుడే తెలుసు.

ఇంకో సంగతి, మన భాష. 2024లో మన ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే ఆ వీడియో అందరం పంచుకున్నాం. సంతోషమే. కానీ ఏరియా సభలో తీర్మానం రాసేది తమిళంలో. మన అవ్వ కష్టం తెలుగులో చెబుతుంది. బడిలో తమిళం చదివిన మీరే ఆ కష్టాన్ని తమిళంలో రాసి చదివి వినిపించాలి. ఈ ఊళ్లో రెండు భాషలు వచ్చిన పిల్లలకన్నా పనికొచ్చే కార్యకర్త లేడు.

ఎవరికి ఓటేయాలో మేము చెప్పం, అది మా పని కాదు. వచ్చినవాళ్లను ఏం అడగాలో చెబుతాం. మందిరం లోపల కాదు, వీధిలో నిలబెట్టి అడగండి. నీళ్లు వచ్చే వేళకు మాతో కలిసి చివరి ఇంటిదాకా నడుస్తారా? గెలిచాక నెలకొకసారి ఏ రోజు, ఏ చెట్టు కింద కూర్చుంటారు? వార్డులో జరిగే పనులు, ఖర్చు అంగన్‌వాడీ గోడ మీద రాయిస్తారా? ఓటు లేని కార్మికుల గదుల వైపు ఒక్కసారైనా వస్తారా? కార్పొరేషన్‌లో మేయరును ఎన్నుకున్నది కౌన్సిలర్లే కాబట్టి, మన వీధిలో అడిగిన ప్రశ్న అక్కడిదాకా పోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాం. ఓటుకు నోటు తీసుకున్న ఇంటికి ఈ ప్రశ్నలు అడిగే నోరుండదు. విశ్వాసుల ఇళ్లలోనూ కవర్లు తీసుకున్నారని మనకు తెలుసు, తెలియనట్టు నటించవద్దు.

ఆ అక్క వీధి ఈ ఊళ్లో కాదని చెప్పాం. ఇక్కడ అలాంటి వీధి ఏదో మాకింకా తెలియదు. కాబట్టి వచ్చే శనివారం ఉదయం ఆరుకి మందిరం గేటు దగ్గర కలుద్దాం. వార్డు మొత్తం నడిచి, ప్రతి కుళాయి దగ్గరా ఆగి అడుగుదాం. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి. తమిళం బాగా రాయగలిగినవాళ్లు ఇద్దరు కావాలి. పేర్లు ఇప్పుడే చెప్పండి.