స్పానిష్ అంకెలకు తెలుగు దారి

స్పానిష్ తరగతుల్లో అంకెలు, గడియారం, తేదీలు మొదటి రోజుల్లోనే వచ్చేస్తాయి. ఊనో, దోస్, త్రెస్ అంటూ నూరు దాకా వల్లె వేయించి, ఇక అసలు వ్యాకరణం మొదలుపెడదాం అంటారు. ఈ పద్ధతి మారాలన్నది నా వాదన. ఆ భాషకు ప్రాణమైన లింగవచనాల పొందిక అంకెల్లోనే ఉంది. కాబట్టి అంకెను వాక్యంలో పెట్టి నేర్పాలి. తెలుగు విద్యార్థికైతే ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచే నేర్పాలి.

స్పానిష్‌లో పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. 21 పుస్తకాలు ‘బెయింతియూన్ లిబ్రోస్’, 21 బల్లలు ‘బెయింతియూనా మెసాస్’. రెండు వందలైతే పుస్తకాలకు ‘దోసియెంతోస్’, బల్లలకు ‘దోసియెంతాస్’. ఇంగ్లీషు అంకెలకు ఈ మార్పు లేదు కనుక, ఆ దారిన వచ్చిన విద్యార్థికి ఇది వింతగా తోస్తుంది. తెలుగువారికి వింత అనిపించనక్కర్లేదు. మనం రెండు పుస్తకాలు అంటాం, ఇద్దరు అక్కలు అంటాం; రెండు అక్కలు అనం. మనది మనుషులా కాదా అన్న విచక్షణ, వాళ్లది వ్యాకరణ లింగం. కొలమానం వేరైనా, లెక్కపెట్టేదాన్ని చూసి అంకె రూపం ఎంచుకునే అలవాటు మనకు పసితనం నుంచే ఉంది. ఉపాధ్యాయుడు దాన్ని తట్టి లేపితే చాలు.

గడియారం దగ్గర ఈ పొందిక క్రియదాకా పాకుతుంది. ఒంటిగంటకు ‘ఎస్ లా ఊనా’. రెండు నుంచి క్రియ కూడా బహువచనమై ‘సోన్ లాస్ దోస్’. మూడున్నరకు మన వరుసలోనే ముందు గంట, తర్వాత సగం: ‘త్రెస్ ఈ మేదియా’. మన పావు తక్కువ నాలుగుకు స్పెయిన్‌లో ‘క్వాత్రో మేనోస్ క్వార్తో’ అంటారు, అంటే నాలుగులోంచి పావు తీసేయడమే. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల నాలుగుకు పావు ఉందన్న అర్థంలో ‘క్వార్తో పారా లాస్ క్వాత్రో’ వినిపిస్తుంది. వారాల విషయంలో ఉపపదమే పని చేస్తుంది: ‘ఎల్ లూనెస్’ అంటే సోమవారం నాడు, ‘లోస్ లూనెస్’ అంటే ప్రతి సోమవారం. జాబితా బట్టీపట్టినవారికి ఈ తేడా ఎన్నటికీ దొరకదు.

తెలుగు అన్నిచోట్లా చేయందిస్తుందని నేను అనడం లేదు. సంవత్సరాలు చెప్పే తీరే చూడండి. ఆంతోనియో దె నెబ్రిహా రాసిన స్పానిష్ వ్యాకరణం 1492లో వెలువడింది. మనం పద్నాలుగు వందల తొంభై రెండు అంటాం. స్పానిష్‌లో వందల్లో చెప్పడం కుదరదు. వెయ్యితో మొదలుపెట్టి ‘మిల్ క్వాత్రోసియెంతోస్ నొవెంతా ఈ దోస్’ అనాలి. లక్షకు నూరు వేలు, ‘సియెన్ మిల్’. కోటికి పది మిలియన్లు. మన లక్షలను మూడేసి అంకెలుగా విడగొట్టుకోవడం కష్టమే. అయితే ఎక్కడ తడబడతామో ముందే తెలియడం కూడా తెలుగు నుంచి బయల్దేరినందువల్ల కలిగే మేలే.

మొదటి వారంలోనే ఇంత వ్యాకరణమా అని అడిగేవారున్నారు. సూత్రాలు చెప్పమని నేను కోరడం లేదు. ‘దోసియెంతాస్ పెర్సోనాస్’ అని రెండు వందల మందిని నోటితో లెక్కపెట్టిస్తే, సూత్రం పేరు తెలియకుండానే పట్టుబడుతుంది. వల్లెవేస్తే కనీసం అంకెలు గుర్తుంటాయి కదా అంటారు. వరుసలో గుర్తుంటాయి, నిజమే. విడిగా చెవిన పడినప్పుడు సెసెంతా, సెతెంతా కలగాపులగం అవుతాయి. ఒకటి అరవై, మరొకటి డెబ్భై. ఫోను తెరపై సమయం, తేదీ కనిపిస్తుండగా ఇదంతా ఎందుకన్నది మరో ప్రశ్న. డాక్టరు దగ్గరికి రావలసిన వేళను కౌంటరులోని మనిషి నోటితోనే చెబుతారు. వినగానే పట్టుకోలేని అంకె ఆ క్షణంలో అక్కరకు రాదు.

అందుకే ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. అంకెల పట్టికను గోడకు ఉంచండి, పరీక్షకు మాత్రం వద్దు. ధర అడిగించండి, రైలు వేళ చెప్పించండి, పుట్టినరోజులు రాయించండి. ప్రతి అంకె వెంట ఒక నామవాచకం, ప్రతి వేళ వెంట ఒక క్రియ ఉండేలా చూడండి. ఈ మూడు పాఠాలను అలా నేర్చిన విద్యార్థికి విశేషణాల పాఠం వచ్చేసరికి పొందిక కొత్తగా ఉండదు.