మేక ముట్టని మందు చెట్టు

(తెనాలి, బాపట్ల, రేపల్లె పేటల్లో మేం మాట్లాడిన ప్రసంగ పాఠం)



అడ్డసరం గురించి మీకు మేం కొత్తగా చెప్పేదేముంది? కంచెల్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద. తెల్ల పువ్వు, చేదు ఆకు. మేక కూడా ముట్టదు. అందుకే తమిళంలో దీన్ని ఆడాతోడై అంటారు. ‘మేక ముట్టనిది’ అని అర్థం చెబుతారు. 1753లో లిన్నేయస్ ఆ పేరునే శాస్త్రానికెక్కించాడు.

దగ్గొస్తే మన అమ్మమ్మలు ఈ ఆకును సెగకు వాడ్చి, రసం పిండి, తేనెలో రంగరించి నాకించారు. ఈ ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాని ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం మందు తయారైంది. ఇవాళ మందుల షాపులో డబ్బిచ్చి కొంటున్నాం. ఆకు పిండినమ్మది నాటువైద్యమట, సీసాలో పోసినోడిది సైన్సట! ముట్టని చెట్టు మందు కావాలి గానీ, ముట్టరానివాళ్లన్న మన తెలివికి మాత్రం లెక్క లేదు.

అట్లాగని గుడ్డిగా నమ్మమనటం లేదు. గర్భిణీలు ఈ రసం తాగకూడదు, గర్భసంచిని కదిలించే గుణముంది. రెండు వారాలు దాటిన దగ్గుకి ఆకు చాలదు. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోవాలి. క్షయ అని తేలితే అక్కడ మందులు ఉచితం. డాక్టరు చెప్పినన్ని నెలలూ మానకుండా మింగాలి. అది ఎవరో వేసే భిక్ష కాదు, మన హక్కు.

కంచె బాగుచేసేటప్పుడు అడ్డసరాన్ని పీకెయ్యకండి. ఆసుపత్రి గడప తొక్కటానికీ వెనకాడకండి. అమ్మమ్మ తెలివీ మనదే, ఆసుపత్రీ మనదే!

జై భీమ్!