ఎమ్మెల్యే మీద రిపోర్టు



మా బడి మాస్టారి పేరు మీద జరిగే ఈ స్మారక సభలో నిరుడు మిర్చి ధర గురించి మాట్లాడారు, అంతకు ముందేడు రామతీర్థం జలాశయంలోకి సాగర్ నీళ్లు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో చెప్పారు. ఈసారి నన్ను పిలిచి, విషయం నీ ఇష్టమయ్యా అన్నారు. విలేకరికి విషయం వదిలేస్తే తనకు తెలిసిన గుట్టు ఏదో ఒకటి విప్పుతాడు. నేను విప్పబోయేది పెద్ద గుట్టేమీ కాదు. మీలో సగం మందికి తెలిసినదే. మన ఎమ్మెల్యేలకూ ఇంటెలిజెన్స్ వాళ్లకూ మధ్య రోజువారీ సంబంధం ఎలా నడుస్తుందన్నది.

మాస్టారు తొమ్మిదో తరగతికి పౌరశాస్త్రం చెప్పేవారు. శాసనసభ ప్రభుత్వాన్ని లెక్క అడుగుతుంది, ప్రభుత్వం పోలీసును లెక్క అడుగుతుంది, ఇదీ వరుస అని బోర్డు మీద మెట్లు గీసేవారు. చదువు అయిపోయి నేను ఈ ఊరి కంట్రిబ్యూటర్‌నయ్యాక, కర్నూలు రోడ్డు మీద టీకొట్టు బల్ల దగ్గర కూర్చుంటే ఆ మెట్లు తలకిందులుగా కనిపించాయి.

ఆ బల్ల గురించి కాస్త చెప్పాలి. గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు వేసుకుని లారీలు ఒంగోలు వైపు పోతుంటే లేచే బూడిద దుమ్ము టీగ్లాసు మీద మీగడలా పేరుకునేది. అక్కడికి సాయంత్రం నాలుగింటికి ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చేవాడు. యూనిఫాం లేదు. తెల్ల చొక్కా, రెక్సిన్ సంచి, జేబులో చిన్న పుస్తకం. స్పెషల్ బ్రాంచి. ఊళ్లో అందరూ ఎస్‌బీ హెడ్డుగారు అనేవాళ్లు. ఎవరికీ తెలియకుండా సమాచారం సేకరించవలసిన మనిషి ఎవరన్నది చంటిపిల్లలకు కూడా తెలుసు.

"నిన్న మీటింగుకి ఎంతమంది వచ్చార్రా అబ్బాయ్?" అని అడిగేవాడు. నేను రెండొందలు అనేవాణ్ణి. ఆయన నూటయాభై రాసుకునేవాడు. పార్టీవాళ్లు వెయ్యి అని ప్రకటించి ఉండేవాళ్లు. మర్నాడు నాకు అంకె మీద అనుమానం వస్తే "పోలీసు వర్గాల ప్రకారం" అని ఆయన నూటయాభయ్యే వేసేవాణ్ణి. ఆయన నా వార్త కత్తిరించి తన రిపోర్టుకు జతచేసేవాడు. అలా ఒకరి మాటకు ఒకరం సాక్ష్యం పెట్టుకుని, ఇద్దరం కలిసి ఒక నిజాన్ని తయారుచేసి పైకి పంపేవాళ్లం. ఇది నా తప్పుల్లో ఒకటి. ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

ఆ పుస్తకంలో దొంగతనాల కంటే, పేకాట కంటే ఎక్కువ చోటు ఆక్రమించింది ఎమ్మెల్యే. ఏ ఊరు వెళ్లారు, ఎవరింట్లో భోంచేశారు, ఎవరు ముఖం చాటేశారు, కాలువ గురించి రైతులు నిలదీస్తే ఏమన్నారు. చివర ఒక్క మాట: ప్రశాంతం. ఏ గొడవా లేకపోతే అదే మాట. అది రాయని రోజు హెడ్డుగారికి నిద్ర పట్టేది కాదు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. స్టేషన్ ఎస్‌ఐ గానీ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గానీ మన దగ్గరికి ఎలా వస్తారో తెలుసు కదా. ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ మీద సిఫార్సు లేఖ వెళ్తుంది, పోస్టింగు వస్తుంది. కాబట్టి స్టేషన్ ఎమ్మెల్యే మాట వింటుంది. స్పెషల్ బ్రాంచి నేరుగా ఎస్పీకి చెప్పుకుంటుంది. రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగం దారి ఇంకా వేరు, దాని అధిపతికి ముఖ్యమంత్రి గుమ్మంలోకి నేరుగా ప్రవేశం. అందుకే ఎస్‌ఐని ఏకవచనంతో పిలిచే ఎమ్మెల్యే, ఆ హెడ్డుగారు కనపడితే కుర్చీ వేయించి "టీ తాగారా?" అని అడగడం నేను కళ్లారా చూశాను. తాను వేయించుకున్న పోలీసు ఒకడు, తన మీద వేసిన పోలీసు ఒకడు. రెండోవాడితోనే జాగ్రత్త.

ఈ జాగ్రత్తకు మన చరిత్రలో కారణాలు లేకపోలేదు. మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది ఒక్క ఓటుతో. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టినప్పుడు, ఎమ్మెల్యేలను బస్సులెక్కించి పొరుగు రాష్ట్రంలో దాచుకుని నెలరోజులు లెక్కపెట్టుకున్నారు. 1995లో మళ్లీ ఎన్టీఆర్‌ను దించినప్పుడు హోటల్లో లెక్క. ముఖ్యమంత్రి కుర్చీలో ఎవరు కూర్చున్నా, మావోయిస్టుల కన్నా ముందు గుర్తొచ్చే భయం తన వెనక బెంచీలు. ఎవడు అలిగాడు, ఎవడు ఎవరితో కాఫీ తాగాడు అన్నది తెలియాలి. ఢిల్లీలోనూ ఇదే. ప్రధానిగా మన పీవీగారికి మొదటి రెండేళ్లు సొంత మెజారిటీ లేదు. ఆయన జీవితచరిత్ర రాసిన వినయ్ సీతాపతి, కాంగ్రెస్‌లో ఎవరు తనవైపు, ఎవరు సోనియా ఉండే పది జన్‌పథ్ వైపు అని తేల్చుకోవడానికి పీవీ ఇంటెలిజెన్స్ బ్యూరోను వాడుకున్న సంగతి రాశారు. బ్రిటిష్‌వాళ్లు 1887లో పెట్టిపోయిన ఆ బ్యూరో పనిని నిర్వచించే చట్టం పార్లమెంటు ఇప్పటికీ చేయలేదు. విదేశీ గూఢచారి సంస్థ రా పరిస్థితీ అంతే. 1968లో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది, ఉత్తర్వుతోనే నడుస్తోంది.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. నిఘా లేకపోతే మన నాయకుల్లో కొందరు బతికి ఉండేవాళ్లు కాదు. ఉన్నా కొందరు బతకలేదు. 1995 డిసెంబరు 1న మన ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిగారిని ఒంగోల్లోనే పీపుల్స్‌వార్ కాల్చి చంపింది. ఆ రోజు రాత్రి ఈ రోడ్డు మీద ఒక్క లారీ కదలలేదు. అప్పట్లో నల్లమల మన జిల్లా పడమటి గోడ. 2004 అక్టోబరులో చర్చలకని నక్సలైటు నాయకులు అడవిలోంచి బయటికొచ్చిన చిన్న ఆరుట్ల అప్పటి మన ప్రకాశం జిల్లాదే. 2005 ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి, 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు నక్సలైట్ల కాల్పులకు బలయ్యారు. ఏ ఊరికి వెళ్లొద్దో, ఏ దారి మార్చుకోవాలో ఎమ్మెల్యేకు ఫోన్ చేసి చెప్పేది ఇంటెలిజెన్స్ విభాగమే. గన్‌మెన్‌ను ఇద్దరి నుంచి నలుగురికి పెంచాలా, ఉన్నవాళ్లను తీసేయాలా అన్నదీ ఈ విభాగం ఇచ్చే అంచనా మీదే ఆధారపడుతుంది. 2005 జనవరిలో పరిటాల రవి హత్య తర్వాత పెద్ద గొడవ జరిగింది ఆయన భద్రత తగ్గించారన్న దాని మీదే. అంటే ప్రాణం కాపాడే చెయ్యీ, చిట్టా రాసే చెయ్యీ ఒకటే. గన్‌మెన్ కావాలనుకున్న ఎమ్మెల్యే ఆ చేతిని గట్టిగా ప్రశ్నించలేడు.

ఇప్పుడు నెల్లూరు సంగతి. పక్క జిల్లా కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 1న నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి విలేకరుల ముందు కూర్చుని, నా ఫోన్ ట్యాప్ చేశారు అన్నారు. ఆయన అప్పుడు అధికార పార్టీలోనే ఉన్నారు. స్నేహితుడితో మాట్లాడిన ఆడియోను నిఘా విభాగాధిపతే తనకు పంపారని ఆరోపణ. అది ట్యాపింగ్ కాదు, కాల్ రికార్డింగ్ అని పార్టీ తరఫున అప్పటి మన ఒంగోలు ఎమ్మెల్యే బాలినేని శ్రీనివాసరెడ్డిగారు జవాబిచ్చారు. ఆ స్నేహితుడు కూడా తర్వాత ముందుకొచ్చి తన ఫోన్లో రికార్డయిందేనన్నాడు. ట్యాపింగో, రికార్డింగో వాళ్లు తేల్చుకోనీ. టీకొట్టు బల్ల మీద చదువుకున్నవాడిగా నా ధ్యాస వేరేచోట ఉంది. ఆయన చెప్పిందే నిజమైతే, ఒక నిఘా అధికారి ఒక శాసనసభ్యుడికి ఆడియో పంపాడు, నువ్వేం మాట్లాడావో మాకు తెలుసు అని తెలియజేయడానికి. ఇది గూఢచర్యం కాదు, గూఢచర్యమైతే దాచుకుంటారు. ఇది పార్టీ పని. హాజరుపట్టీ తీసుకుని పిల్లవాడి ఇంటికొచ్చిన క్లాసు లీడరు పని.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. అంతకు ముందేడు, 2022 మార్చిలో, మన శాసనసభ పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ మీద సభాసంఘం వేసింది. భూమన కరుణాకర్‌రెడ్డిగారు అధ్యక్షులు. అంతకు ముందరి ప్రభుత్వం పౌరుల సమాచారం చోరీ చేసిందా అని విచారించి సెప్టెంబరులో మధ్యంతర నివేదిక పెట్టారు. నాకు తెలిసినంతలో నిఘా విషయాన్ని మన సభ చేతిలోకి తీసుకున్న అరుదైన సందర్భం అది. వాళ్లు తవ్వింది ఓడిపోయినవాళ్ల కాలాన్ని. ఏడాది తిరక్కముందే అదే సభలో గెలిచిన పక్షం బెంచీల నుంచి ఫిర్యాదు లేచింది. దాని మీద సంఘం లేదు. అంతకు ముందు, 2019 మార్చి 26న ఎన్నికల సంఘం నిఘా అధిపతిని బదిలీ చేయమన్నప్పుడు, ఆయనకూ ఎన్నికలకూ సంబంధమే లేదని అప్పటి ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. ఒక పక్షానికి సంబంధం లేని అధికారి, ఇంకో పక్షానికి అన్నిటికీ సంబంధం ఉన్న అధికారి. కుర్చీ మారగానే వాదన కూడా సీటు మార్చుకుంటుంది.

తెలంగాణలో 2024 మార్చిలో బయటపడ్డ కేసు ఇంకా బరువైనది. మావోయిస్టుల కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారనీ, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారనీ అభియోగం. కోర్టు తేల్చవలసింది కాబట్టి అంతకు మించి మాట్లాడను.

చట్టం ఏమంటుంది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఫోన్లు వినేవాళ్లు, 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని పగ్గాలు వేసింది. ఫోన్ వినాలంటే రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఒక్కో ఉత్తర్వు 60 రోజులు, పొడిగించుకుంటే మొత్తం 180 రోజులు మించకూడదు. ఆ ఉత్తర్వులను సరిచూసే కమిటీకి ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు. ఇచ్చేదీ అధికారే, సరిచూసేదీ అధికారే. ఈ వరసలో ఎక్కడా జడ్జి లేడు, శాసనసభ్యుడు అసలే లేడు. డబ్బు సంగతీ అంతే. ఏటా పోలీసు పద్దుకు చేతులెత్తి ఓటేసేది ఎమ్మెల్యేలే. అందులో రహస్య సేవల ఖర్చుకు మామూలు ఓచర్ల తనిఖీ ఉండదు, అధికారి ఇచ్చే ధ్రువపత్రమే లెక్క. తమ మీద రాసే పుస్తకానికి కాగితం, సిరా వీళ్లే కొనిపెడుతున్నారు.

బయటి దేశాల్లో దేవతలు నడుపుతున్నారని కాదు. అమెరికాలో 1975లో చర్చ్ కమిటీ గుట్టు విప్పాకే సెనేట్‌లో నిఘా మీద శాశ్వత సంఘం వచ్చింది. సీఐఏలో చట్టసభతో మాట్లాడడానికే ఒక కార్యాలయం ఉంది. సభ్యుల ఉత్తరాలకు జవాబులు రాయడం, రహస్య సమావేశాల్లో వివరించడం వాళ్ల రోజువారీ పని. అయినా 2014లో ఆ సంఘం సిబ్బంది వాడే కంప్యూటర్లలోకి సీఐఏ వాళ్లే తొంగిచూశారు, తర్వాత డైరెక్టరు క్షమాపణ చెప్పాడు. నాకు నచ్చింది బ్రిటన్ కథ. 1966 నవంబరులో ప్రధాని హెరాల్డ్ విల్సన్, ఎంపీల ఫోన్లు వినబోమని సభలోనే ప్రకటించాడు. అది మాటే గానీ చట్టం కాదని 2015లో అక్కడి ట్రిబ్యునల్ తేల్చింది. మరుసటేడు చట్టం చేసి, ఎంపీ ఫోన్ వినాలంటే ప్రధాని ఆమోదం తప్పనిసరి అన్నారు. మన దగ్గర పెట్టినా ముఖ్యమంత్రే సంతకం పెడతాడు కదా, లాభమేమిటి అంటారు. లాభం సంతకమే. ఇప్పుడు ఎవరినడిగినా నాకు తెలియదంటారు. సంతకం ఉంటే ఆ మాట అనడం కుదరదు.

మన వైపు ప్రయత్నమే లేదనుకోవద్దు. 2010 జనవరిలో, ఇలాంటి స్మారకోపన్యాసంలోనే, రా సంస్థాపకుడు కావ్ పేరు మీద మాట్లాడుతూ ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ నిఘా సంస్థలకు పార్లమెంటు స్థాయీసంఘం ఉండాలన్నారు. 2011లో ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. పెగాసస్ మీద అప్పటి మన తెలుగు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనం కమిటీ వేస్తే, ప్రభుత్వం సహకరించలేదని ఆ కమిటీ చెప్పింది. ఉపరాష్ట్రపతి చెప్పినా, సుప్రీంకోర్టు కదిలినా తెరుచుకోని తలుపు అది.

ఎమ్మెల్యేలు ఎందుకు తోయరు? మన సంతనూతలపాడు కథే చూడండి. 2023 డిసెంబరులో అప్పటి అధికార పార్టీ ఒక్కరోజే 11 నియోజకవర్గాలకు ఇన్‌చార్జిలను మార్చింది, అందులో మనదొకటి. సిట్టింగ్ ఎమ్మెల్యేను పక్కనపెట్టి వేమూరు నుంచి మంత్రిగారిని తెచ్చారు. ఆ నెలంతా ఈ ఊళ్లో వినపడ్డ మాట "రిపోర్టు బాగాలేదట." ఏ పార్టీకైనా టికెట్ల వేళ అదే మాట. ఓటరు తీర్పు అయిదేళ్లకోసారి, రిపోర్టు తీర్పు ప్రతి రాత్రీ.

పదవి పోయిన ఒకాయన్ను, పేరు వద్దు, ఓసారి ఇంటికెళ్లి కలిశాను. నేను కూర్చోగానే నా ఫోన్ అడిగి తీసుకుని, తన రెండు ఫోన్లతో కలిపి స్టీలు బియ్యం డబ్బాలో పడేసి మూతపెట్టి వంటింట్లో పెట్టి వచ్చారు. పదవి పోయి మూడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. అప్పుడడిగాను: "ఇంత భయపడ్డారు కదా, సభలో ఒక్కసారైనా లేచి అడగలేదేమండీ?"

ఆయన పక్కగదిలోకి చూసి, గొంతు తగ్గించి అన్నారు: "అడిగితే, అడిగానని కూడా రాసేవాళ్లు కదయ్యా."

లోపల డబ్బాలో ఫోన్ మోగింది. ఇద్దరం లేచి చూడలేదు.