చెరువు క్రింద పొలము: ఇంగ్లీషులో తావు చెప్పుట

తెలుగున “లో” అను ఒక్క అక్షరముతో మనము ఎన్నో పనులు జరుపుకొందుము. ఇంటిలో ఉందుము, ఎండలో తిరుగుదుము, బస్సులో పోవుదుము, ప్లాట్‌ఫారములో నిలబడుదుము, స్టేషనులో దిగుదుము. ఈ ఐదు మాటలను ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క అక్షరము మూడు ముక్కలై మన యెదుట నిలుచును. ఇంటికి “ఎట్”, ఎండకు “ఇన్”, బస్సుకును ప్లాట్‌ఫారమునకును “ఆన్”, స్టేషనుకు మరల “ఎట్”. ఏది ఎక్కడ వేయవలెనో తోచక, బాగుగా చదువుకొన్నవారు కూడ నోరు తెరచుటకు జంకుదురు. నిత్యము ఇంగ్లీషు వార్తను తెలుగు చేయుటయు, తెలుగు మాటను ఇంగ్లీషున పెట్టుటయు పనిగా గల మాకు ఈ చిక్కు కొత్తది కాదు. దీనిని నేడు వ్యాకరణ గ్రంథమునుండి కాక, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్లనుండి విప్పి చూతము.

మొదట భేదమెక్కడ నున్నదో తెలిసికొనవలెను. తెలుగున తావును చెప్పు ప్రత్యయము పేరునకు వెనుక వచ్చును: “కొండమీద”, “ఊరిలో”, “ఒడ్డున”. ఇంగ్లీషున అది పేరునకు ముందు వచ్చును. కనుకనే దానికి “ప్రిపొజిషన్” అని పేరు. కాని ముందువెనుకల భేదము పది దినములలో అలవడును. అసలు భేదము చూపులో నున్నది. తెలుగు “లో” అనినప్పుడు వస్తువు ఎంత లోపలికి పోయినదని మనము లెక్కింపము. ఇంగ్లీషు మాత్రము ప్రతి తావును మూడింట ఒకటిగా భావించును. ఆ తావు ఒక చుక్క యైనచో “ఎట్”. ఒక గీతయో, తలమో యైనచో “ఆన్”. నాలుగు వైపుల హద్దు గల ఆవరణ యైనచో “ఇన్”. ఈ మూడు చిత్రములు మనస్సున నాటుకొన్నచో సగము భారము దిగిపోవును.

ఇక హిందూపురమునకు వత్తము. పెద్ద నగరములకును దేశములకును “ఇన్” వాడవలెననియు, చిన్న ఊళ్లకును పల్లెలకును “ఎట్” వాడవలెననియు ఒక సూత్రమును మన పాఠశాలలలో చాలకాలము చెప్పిరి. ఇది విన్న హిందూపురము పిల్లవాడు, “మా ఊరు పెద్దదా, చిన్నదా?” అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? “ఎట్” అన్నచో ఊరివారికి కోపము. “ఇన్” అన్నచో సూత్రమునకు కోపము. నిజమునకు ఇచట ప్రశ్న ఊరి పెద్దరికమును గూర్చినది కాదు, మాట్లాడువాని చూపును గూర్చినది. బెంగళూరు పోవు రైలుకు హిందూపురము దారిలోని ఒక చుక్క. కావున రైలు “ఎట్ హిందూపూర్” ఆగును. ఆ ఊరిలో కాపురముండువానికి అది వీధులు, సంతలు, చుట్టములు గల ఆవరణ. కావున అతడు “ఇన్ హిందూపూర్” నివసించును. అదే దారి, అదే ఊరు. చూచు కన్ను వేరు. మహానగరమైన లండను సైతము ఓడకో విమానమునకో నడిమి మజిలీ యైనచో “ఎట్ లండన్” అని చెప్పుట చెల్లును.

దిక్కుల విషయమునను ఇట్టి మెలకువయే కావలెను. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ మూడు ఊళ్లును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అంతకు ముందు అనంతపురము జిల్లాలోనివి. “హిందూపురము జిల్లాకు దక్షిణమున నున్నది” అందుము. “బెంగళూరు హిందూపురమునకు దక్షిణమున నున్నది” అనియు అందుము. మనకు రెండును ఒక్కటే మాట. ఇంగ్లీషున మొదటిది “ఇన్ ద సౌత్ ఆఫ్”, అనగా హద్దులోపల దక్షిణభాగమున అని. రెండవది “టు ద సౌత్ ఆఫ్”, అనగా హద్దు దాటి దక్షిణపు దిక్కున అని. ఈ రెంటిని తారుమారు చేసినచో బెంగళూరు నగరమంతయు హిందూపురములోని ఒక పేట యగును!

పెనుకొండ అనగా పెద్ద కొండ. ఊరి పేరే తావును చెప్పుచున్నది. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని ఇచటికే తెచ్చెను. కోట “కొండమీద” ఉన్నది. ఊరు “కొండక్రింద” ఉన్నది. మొదటిదానికి “ఆన్ ద హిల్” అన్నచో సరిపోవును. రెండవదానికి “అండర్ ద హిల్” అన్నచో, వినువాడు కొండను త్రవ్వి దాని అడుగున ఊరు కట్టిరేమో యని భ్రమపడును. అచట చెప్పదగినది “ఎట్ ద ఫుట్ ఆఫ్ ద హిల్”, కొండ పాదముకడ అని. మన “క్రింద” యను మాట నేరుగా అడుగున నుండుటను, దిగువ ప్రక్కన నుండుటను కూడ చెప్పును. ఇంగ్లీషు “అండర్” సాధారణముగ నేరు అడుగును తలపించును.

“మీద” కూడ ఇట్టిదే. కొండమీద కోట, ఊరిమీద మబ్బు, తలమీదుగా విమానము: మనకన్నియు “మీద”లే. ఇంగ్లీషున తాకియున్నచో “ఆన్”. తాకక పైన నున్నచో “ఓవర్” గాని, “అబవ్” గాని. కోట కొండను తాకియున్నది గనుక “ఆన్”. మబ్బు ఊరిని తాకదు గనుక “ఓవర్”. ఈ తాకుడు అను సంగతి మరువరానిది. తెలుగున మనము “కు” వాడు చోటులను గమనింపుడు: గోడకు పటము, చెట్టుకు కాయ, వ్రేలికి ఉంగరము, చీరకు మరక. ఇవన్నియు అంటుకొనియో, తగిలియో ఉన్నవే. ఇంగ్లీషున వీటికన్నింటికి “ఆన్”. తెలుగు “కు” ఎచట అంటుటను చెప్పునో అచట “ఆన్” వేయుట చాలవరకు క్షేమము. ఐతే చెట్టు మీది పిట్టకు మాత్రము “ఇన్ ద ట్రీ” అందురు. కాయ కొమ్మను అంటియుండును. పిట్ట ఆకుల గుబురులో దాగియుండును. ఇంగ్లీషువాడు గుబురును చూచెను, మనము కొమ్మను చూచితిమి. అంతకంటె రహస్యము లేదు.

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయము ఈ పాఠమునకు మంచి బడి. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండలో అధికారిగా నుండిన విరూపణ్ణ, తన సోదరునితో కలసి దీనిని కట్టించెనని ప్రసిద్ధి. మండపపు కప్పున విజయనగర కాలపు వర్ణచిత్రములు కలవు. “కప్పుమీద” అన్నచో రాయలసీమవాని మనస్సు మిద్దె యెక్కి, అచట ఎండబోసిన మిరపకాయలకడ నిలుచును. కాని ఇంగ్లీషున ఆ చిత్రములు “ఆన్ ద సీలింగ్”. మనము తల యెత్తి చూడవలసిన వస్తువునకు “ఆన్” ఎట్లు వచ్చినది? “ఆన్” ఎత్తును చెప్పదు, తాకుడును చెప్పును గనుక. కప్పునకు క్రిందివైపున బొమ్మ అంటియున్నను అది “ఆన్”. కప్పునకు తలక్రిందులుగా వ్రాలిన ఈగయు “ఆన్”.

ఆ ఆలయముననే వ్రేలాడు స్తంభము కలదు. అది నేలకు పూర్తిగా ఆనియుండదు. సన్నని గుడ్డను దాని అడుగున ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు లాగి యాత్రికులు వింతపడుదురు. ఆ స్తంభమునకు ఏ మాట వేయుదుము? మిగిలిన స్తంభములు “ఆన్ ద ఫ్లోర్” నిలిచియున్నవని నిశ్చింతగా చెప్పవచ్చును. దీనికి మాత్రము ఆ మాట చెప్పుటకు నాలుక తడబడును. గుడ్డ స్తంభమునకు “అండర్”. స్తంభమునకును నేలకును “బిట్వీన్”. ఒక్క స్తంభముకడ నాలుగు నిమిషములు నిలిచినచో మూడు మాటల భేదము కంటికి కనబడును.

ఇక ధర్మవరము. ఈ ఊరు చిత్రావతి ఒడ్డున నున్నది. ఇంగ్లీషున “ఆన్ ద చిత్రావతి” అనినచో చాలును. ఒడ్డు అను మాట అక్కర లేదు. నదిని వారు గీతగా చూతురు. ఆ గీత నానుకొనియున్న ఊరు “ఆన్”. దీనిని తెలుగున మాటకు మాటగా “చిత్రావతిమీద” అన్నచో ఊరు నీటిపై తేలవలసి వచ్చును! తెలుగున ఒడ్డు తప్పదు, ఇంగ్లీషున ఒడ్డు తప్పినను తప్పు లేదు. రహదారి యానుకొనియున్న ఊరికిని, సరిహద్దు నానుకొనియున్న ఊరికిని ఇదే పద్ధతి.

ధర్మవరపు పట్టుచీరలు నేయు గుంటమగ్గమును చూడుడు. నేతగాడు మగ్గముకడ కూర్చుండును, కాళ్లు గుంటలో నుండును, పడుగు మగ్గముపై సాగియుండును. ఇంగ్లీషున అతడు “ఎట్ ద లూమ్”, కాళ్లు “ఇన్ ద పిట్”, పడుగు “ఆన్ ద లూమ్”. చుక్క, ఆవరణ, తలము మూడును ఒక్క మనిషి చుట్టునే దొరకినవి. ఇచటి “ఎట్” మరియొక రుచి గలది. అది తావును మాత్రమే కాక, పనిని కూడ చెప్పును. “ఎట్ ద లూమ్” అనగా మగ్గముకడ పనిలో నున్నాడని. ఊరక మగ్గము ప్రక్కన నిలిచి ముచ్చటలాడువాడు “నియర్ ద లూమ్” మాత్రమే. బడిలో చదువుకొను పిల్లవానికి “ఎట్ స్కూల్” అనుటలోను ఈ రుచియే కలదు.

బస్సు, రైలు, ఓడ, విమానములకు “ఆన్” అనియు, కారుకు “ఇన్” అనియు ఏల? నలుగురితో కలసి ఎక్కి, లోపల నిలిచి నడువదగిన పెద్ద వాహనమునకు “ఆన్”. వంగి దూరి కూర్చుండదగినదానికి “ఇన్” అని గుర్తుంచుకొనుట సులభము. గదిలోపలి మూల “ఇన్ ద కార్నర్”. వీధి మలుపు “ఎట్ ద కార్నర్”. చేతుల కుర్చీ “ఇన్”, ముక్కాలిపీట “ఆన్”. ఇట్టివి వినగా వినగా అలవడును. వీటికై సూత్రములు కంఠస్థము చేయనక్కర లేదు.

కాని కొన్ని చోటుల ఈ చిన్న మాట చిన్నది కాదు. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి ఇచ్చెను. నాటినుండి 1807 వరకు మన్రో దొర దత్తమండలముల కలెక్టరుగా నుండెను. ఆ కాలమునుండి మన భూముల లెక్కలు ఇంగ్లీషునకును ఎక్కినవి. వానలు తక్కువగు ఈ నేలకు చెరువే ప్రాణము. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్నము, ధర్మవరము చెరువుల పేర్లు వినని రైతు ఈ ప్రాంతమున నుండడు. “చెరువు క్రింద నాకు రెండెకరములు కలవు” అని రైతు చెప్పును. అనగా చెరువు తూమునుండి నీరు పారు ఆయకట్టు భూమి. రెవెన్యూ కాగితములలో ఇది “అండర్ ద ట్యాంక్” అని మాటకు మాటగా ఇంగ్లీషైనది. మన దేశపు కచేరీలలో అందరికి తెలిసిన మాటయైనది. మన నుడికారమే ఇంగ్లీషును వంచిన సందర్భమిది.

ఇప్పుడు ఒక అర్జీని ఊహింతము. రైతు చెప్పినదానిని వ్రాయువాడు తొందరలో “ఇన్ ద ట్యాంక్” అని వ్రాసెననుకొందము. ఆ కాగితము ప్రకారము రైతు పొలము చెరువు గర్భమున నున్నది. చెరువు గర్భము పొరంబోకు. అందు సాగుచేయువాడు ఆక్రమణదారు. “ఆన్ ద బండ్” అని వ్రాసెనా, కట్టనే త్రవ్వి సాగుచేసినవాడగును. పట్టా గల యజమాని ఒక్క రెండక్షరముల మాటచే నేరస్థుని వరుసలో నిలుచును. దానిని సరిదిద్దుటకు కచేరీ చుట్టు ఎన్ని మారులు తిరుగవలెనో అనుభవించినవారికే తెలియును. కావున అర్జీలు వ్రాయువారు ఈ చోట నిలిచి ఆలోచింపవలెను. ఈ సీమ యెరుగని అధికారి చదువునట్టి కాగితమైనచో “అండర్” కంటెను “ఇరిగేటెడ్ బై”, అనగా ఈ చెరువు నీటితో పారునది అని వ్రాయుట మేలు. అర్జీదారులును, వ్రాసినదానిని తెలుగున మరల చెప్పించుకొని వినక వ్రేలిముద్ర వేయరాదు.

మరియొక మాట. పెనుకొండ మండలమున యర్రమంచి వద్ద 2019లో కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. అచట కొరియావారును మనవారును కలసి పనిచేయుదురు. ఇరువురికి నడుమ ఇంగ్లీషే వంతెన. కొరియా భాషయందును తావును చెప్పు ప్రత్యయము మనకు వలెనే పేరునకు వెనుక వచ్చును. అచటను ఒక్క ప్రత్యయమే “ఇన్, ఆన్, ఎట్” మూడింటి పనియు చేయును. కనుక తడబాటు మనకొక్కరికే కాదు. యంత్రము “మీద” పెట్టుమన్నదానిని “లోపల” పెట్టినచో నష్టము గాని, “ఎట్” బదులు “ఇన్” వచ్చినంతమాత్రమున మనిషి తెలివికి కొరత యేమియు లేదు. వీధిలో అనుటకు ఇంగ్లండువారు “ఇన్ ద స్ట్రీట్” అనియు, అమెరికావారు “ఆన్ ద స్ట్రీట్” అనియు అందురు. వారు ఒకరినొకరు చూచి సిగ్గుపడుట లేదు. ఈ మూడు ఊళ్లనుండి బెంగళూరునకు ఉద్యోగములకై పోవు యువకులు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. అర్థము చెడునట్టి తప్పును దిద్దుకొనవలెను. అర్థము చెడని తడబాటుకు వెరచి మాటనే మ్రింగివేయరాదు.

నేర్చుకొను మార్గము సులభము. రోజునకు పది వస్తువులను చూచి, అవి ఎచట నున్నవో ఇంగ్లీషున పైకి చెప్పుకొనుడు. చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇది చుక్కయా? తాకి యున్నదా? హద్దులోపల నున్నదా? తెలుగు ప్రత్యయమును తర్జుమా చేయక, కంటికి కనబడు చిత్రమునే తర్జుమా చేయుడు. ఇంటిలోని పిల్లలకు ఇది ఆటగా నేర్పినచో, వారు పెద్దలను దిద్దు దినము ఎంతో దూరమున నుండదు.